వార్త ఎన్ని చేతులు మారి వస్తుంది?

(జర్నలిజం విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

‘కొత్త టెక్నాలజీ వల్ల మన మీడియా ఎలా మారింది’ అన్న విషయం మీద మాట్లాడమని మీ మాస్టారు పిలిచారు. ముప్పై ఏళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో, అంటే వచ్చిన వార్తల్ని దిద్ది పేజీల్లో పెట్టే విభాగంలో, పనిచేశాను. టెలిప్రింటర్ నుంచి వాట్సాప్ దాకా అన్నిటినీ ఆ గదిలో కూర్చునే చూశాను. ఒక్కో యంత్రం లోపలికి వచ్చినప్పుడు ఎవరి కుర్చీ ఖాళీ అయిందో, ఎవరికి కొత్తగా కుర్చీ వేశారో నాకు బాగా గుర్తుంది. ఆ కుర్చీల గురించే చెబుతాను.

అంతకంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్, అంటే అచ్చు కోసం సీసపు అక్షరాలు పేర్చే పని. ఇంగ్లీషు కంపోజింగ్ చేసేవాడికి చిన్నబడి, పెద్దబడి (స్మాల్, క్యాపిటల్) అక్షరాలు కలిపినా 52 గళ్లు చాలు, పైన అంకెలు, చుక్కలు. తెలుగుకి అలా కుదరదు. ప్రతి హల్లుకీ గుణింతం ఉంది, కింద వత్తు ఉంది, కొన్నిటికి రెండు వత్తులుంటాయి. ఆయన ముందున్న టైపు కేసుల్లో వందల గళ్లు ఉండేవి. ఏ అక్షరం ఏ గడిలో ఉందో చూడకుండానే ఆయన చెయ్యి అక్కడికి వెళ్లేది. అక్షరాలు పేర్చే స్టిక్కులో అవన్నీ అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటాయి. వాటిని అలాగే గబగబా చదివేసేవారు. చిన్నప్పుడు అది నాకు మంత్రంలా అనిపించేది.

ఆ ప్రెస్సులో ఒక వారపత్రిక అచ్చయ్యేది. రాతప్రతిలో ఊరి పేరు తప్పుగా ఉంటే మా నాన్న లేచి వెళ్లి అడిగేవారు. ‘ఇది కొల్లిపరా, కొల్లూరా? రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా’ అని. అడగమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అక్షరం అక్షరం పేర్చేవాడికి ప్రతి అక్షరం మీదా కన్ను పడుతుంది, అంతే. అచ్చయ్యే ప్రతి వార్తకీ మొదటి పాఠకుడు ఆయనే.

డీటీపీ, అంటే కంప్యూటర్ మీదే పేజీ తయారుచేసే పద్ధతి, వచ్చాక ఆ పని పోయింది. పోకుండా ఆపాలని నేను అనను. సీసం పొడి పీల్చుకుంటూ, మసక వెలుతురులో నడుం వంచి చేసే పని అది. కానీ అక్షరాలు పేర్చే చెయ్యి పోయినప్పుడు, ‘కొల్లిపరా, కొల్లూరా’ అని అడిగే నోరు కూడా పోయింది. ఆ సంగతి మేం చాలా ఏళ్ల దాకా గమనించలేదు.

జరిగిన చోటి నుంచి మన దాకా రావడానికి ఒక వార్త ఎన్ని చేతులు మారుతుందో లెక్కపెట్టండి. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఆ లెక్కలో కొన్ని చేతులు తగ్గుతాయి. వాటిలో తగ్గాల్సినవి కొన్ని, తగ్గకూడనివి కొన్ని. ఏది ఏదో యంత్రానికి తెలియదు.

తగ్గాల్సిన చేతుల సంగతి ముందు. పీటీఐ వార్తా సంస్థ 1949లో పని మొదలుపెట్టింది. టెలిప్రింటర్ టకటకమంటూ ఢిల్లీ వార్తలు తెచ్చేది. అన్నీ ఇంగ్లీషులోనే. పక్క జిల్లాలో రైలు పట్టాలు తప్పినా, ఆ కబురు ఇంగ్లీషులోకి మారి, తీగ మీద వచ్చి, మా బల్ల మీద మళ్లీ తెలుగయ్యేది. సబ్ ఎడిటర్ అంటే సగం అనువాదకుడే. ఆ తొందరలో మనకి ఒక రకం వాక్యం అలవాటైంది. ‘ప్రభుత్వంచే నిర్ణయం తీసుకొనబడినది.’ మన అమ్మమ్మలు ఎవరైనా ఇలా మాట్లాడారా? ‘నాచే అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనైనా విన్నారా? పక్కన పెట్టుకున్న ఇంగ్లీషు కాగితం నీడ అది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీరు రాసేటప్పుడు అలాంటి వాక్యం కనిపిస్తే దయచేసి కొట్టేయండి.

ఇక దూరం. 1970ల మొదట్లో విశాఖపట్నంలో తెలుగు దినపత్రిక చదవాలంటే విజయవాడ నుంచి రైలు రావాలి. చేతికి అందేసరికి మధ్యాహ్నమయ్యేది. 1974 ఆగస్టు 10న రామోజీరావు గారు విశాఖలోనే ‘ఈనాడు’ మొదలుపెట్టి, తెల్లవారేసరికి గడపలో పత్రిక వేయించారు. ఆఫ్‌సెట్ యంత్రాలు, సీసం లేకుండా అక్షరాల్ని ఫిల్మ్ మీదికి ఎక్కించే ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చాక ఒకే పత్రికను నాలుగైదు ఊళ్లలో అచ్చు వేయడం తేలికైంది. 1989లో అదే పత్రిక జిల్లా జిల్లాకీ విడిగా చిన్న సైజు పేజీలు తెచ్చింది. మిగతా పత్రికలూ ఆ దారే పట్టాయి.

ఆ జిల్లా పేజీ ఎంత పెద్ద మార్పో మీ వయసు వాళ్లకి అంత తేలిగ్గా తెలియదు. అంతకుముందు ఒక పల్లెటూరి పేరు పత్రికలో రావాలంటే అక్కడ హత్య జరగాలి, లేదా మంత్రి రావాలి. జిల్లా పేజీ వచ్చాక బోరింగు పాడైనా వార్తే, బడిలో టీచరు లేకపోయినా వార్తే. రోజూ అన్ని పేజీలు నింపాలంటే మండలానికో మనిషి కావాలి. అలా పుట్టినవాడే కంట్రిబ్యూటర్. పగలు బడిలో పాఠం చెప్పుకునేవాడో, ఎరువుల కొట్టు నడుపుకునేవాడో, సాయంత్రం కాగితం తీసుకుని వార్త రాసేవాడు. ఆ కాగితాన్ని కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవర్‌కి ఇచ్చేవాడు. జిల్లా కేంద్రంలో బస్టాండు దగ్గర మా కుర్రాడు సైకిలు మీద కాచుకుని ఉండేవాడు. పల్నాడు నుంచి నాలుగు గంటల బస్సు ఆలస్యమైతే మాకు ఆ రాత్రంతా టెన్షనే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లకి ముందు నిలబడ్డ రోశమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. ఆ జిల్లాలో అప్పుడు అక్షరాస్యతా ఉద్యమం నడుస్తోంది. రాత్రి బడిలో చదువుకున్న పాఠాలే వాళ్లని ఆ పనికి కదిలించాయి. ఇరవై ఏళ్ల ముందైతే ఆ కబురు పక్క మండలం దాటేది కాదు. ఈసారి దాటింది. ఒక ఊళ్లో ఆడవాళ్లు సారా వేలంపాట ఆపితే, మర్నాడు పొద్దున ఇంకో ఊళ్లో ఎవరో పత్రిక గట్టిగా చదివి వినిపించారు. వింటున్నవాళ్లలో సగం మందికి చదువు రాదు. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 44 శాతమే. అయినా కబురు వ్యాపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. తర్వాత 1997లో సడలించారు, అది వేరే కథ. ఆ ఉద్యమం ఆ ఆడవాళ్లది. పత్రికలు చేసింది కబురు మోయడం. కానీ మోసే వాహనం లేకపోతే దూబగుంట దూబగుంటలోనే ఆగిపోయేది. ఇక్కడ యంత్రం తొలగించింది ‘ఇది వార్త, ఇది కాదు’ అని నగరంలో కూర్చుని తేల్చే చెయ్యిని. అది తొలగాల్సిన చెయ్యే.

ఆ రోజుల్లోదే ఒక అనుభవం చెప్తాను. ఒక సాయంత్రం బస్సు కవర్లో ఒక మాజీ సర్పంచ్ మరణవార్త వచ్చింది. పేరు, వయసు, ఆయన చేసిన మంచి పనులు అన్నీ రాశాడు కంట్రిబ్యూటర్. పేజీ పెట్టడానికి ఇంకా మూడు గంటల టైముంది. మా డెస్కు ఇన్‌ఛార్జి ఆ ఊరి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేయమన్నారు. లైను దొరకడానికి ముప్పావు గంట పట్టింది. చివరికి దొరికింది. పోయింది ఆ పేరే ఉన్న ఇంకో పెద్దాయన. వార్త తీసేశాం. ఎవరికీ తెలియలేదు. మర్నాడు మేం కూడా మర్చిపోయాం.

ఈ కథని మీ మనసులో ఒక మూల పెట్టుకోండి.

టీవీ సంగతి వేరు. అది మన పల్లెలకి పైనుంచి వచ్చింది, అక్షరాలా ఆకాశం నుంచి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఒక్క ఏడాదికి తీసుకుంది. దాన్ని ‘సైట్’ ప్రయోగం అన్నారు. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది, చూడటానికి ఆయన లేరు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు, మన రాష్ట్రం అందులో ఒకటి. కోళ్ల గూటికి వాడే లాంటి జాలీతో పదడుగుల గొడుగులాంటి యాంటెనా కట్టి, దాంతో ఉపగ్రహం నుంచి బొమ్మ పట్టుకున్నారు. ఆ సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. కరెంటు సరిగా లేని ఊళ్లో, బడి ముందు చాపలు వేసుకుని, ఊరు ఊరంతా వ్యవసాయం గురించీ ఆరోగ్యం గురించీ తెలుగులో చూసింది. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి పని జరగలేదు. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది.

నాకు ఆ ప్రయోగం మీద గౌరవం ఉంది. కానీ దాంట్లో మాట ఒకవైపే ప్రయాణించింది. ఊరు చూసింది, విన్నది. ఊరు చెప్పింది పైకి వెళ్లడానికి దారి లేదు.

ఆ దారి కోసం చాలా ఏళ్లు పట్టింది. 1990లలో ప్రైవేటు చానళ్లు వచ్చినా, మన గడ్డ మీద నుంచి ఉపగ్రహానికి కార్యక్రమం పంపే అనుమతి మొదట్లో వాటికి లేదు. ఇక్కడ తీసిన టేపులు విదేశాలకి వెళ్లి, అక్కడి నుంచి పైకెక్కి, మళ్లీ మన కేబుల్ తీగల్లో దిగేవి. 1995 ఫిబ్రవరిలో, క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం మీద వచ్చిన కేసులో, సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో మన తెలుగువారు జస్టిస్ జీవన్‌రెడ్డి గారు ఉన్నారు. ప్రభుత్వం గుత్తగా పట్టుకోకూడదు, డబ్బున్నవాళ్ల చేతుల్లోకీ పోకూడదు అన్న ఆలోచన ఆయన తీర్పులో బలంగా ఉంది. అదే ఏడాది జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. కొన్నేళ్లకి 24 గంటల వార్తా చానళ్లు. వాటి సంగతి మీరే రోజూ చూస్తున్నారు, నేను వేరే చెప్పక్కర్లేదు.

నేను ఆగి చెప్పాలనుకునేది మాచునూరు గురించి. జహీరాబాద్ దగ్గర, అప్పటి మెదక్ జిల్లాలో చిన్న ఊరు. 2008 అక్టోబరు 15న అక్కడ ‘సంఘం రేడియో’ మొదలైంది. 2006 దాకా మన దేశంలో స్వచ్ఛంద సంస్థలకి రేడియో పెట్టుకునే వీలే లేదు. ఆ నిబంధన మారాక గ్రామీణుల కోసం వచ్చిన మొట్టమొదటి కమ్యూనిటీ రేడియో ఇదే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో నడిచింది. నడిపింది ఎవరనుకున్నారు? దళిత ఆడపడుచులు. అల్గోలే నరసమ్మ, ఇంకో నరసమ్మ. ఆ రెండో నరసమ్మని అందరూ ‘జనరల్ నరసమ్మ’ అంటారు. జొన్నలు, కొర్రల గురించి, విత్తనం దాచుకోవడం గురించి, పండుగల గురించి, పాటల గురించి, వాళ్ల యాసలోనే. మైకు ముందు పెట్టుకోవడానికి పుస్తక భాష అవసరం లేదని వాళ్లు చూపించారు. ముప్పై ఏళ్లు ‘ప్రామాణిక భాష’ పేరుతో నేను డెస్కులో కొట్టేసిన మాటలు ఎన్నో ఆ రేడియోలో హాయిగా తిరుగుతున్నాయి.

అయితే ఒక మెలిక ఉంది. మన నిబంధనల ప్రకారం కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలే మళ్లీ వినిపించుకోవాలి. అంటే జొన్న విత్తనం గురించి చెప్పొచ్చు, ఆ విత్తనం ఇస్తామన్న ఆఫీసు మూసి ఉందని వార్తగా చెప్పకూడదు. ఫోన్ ఉన్న ప్రతివాడూ యూట్యూబులో వార్త చదివే ఈ రోజుల్లో, ఆ అక్కలకి మాత్రం వద్దనడం నాకు ఏ విధంగానూ న్యాయంగా కనిపించదు.

ఇక ఇంటర్నెట్. దాని ముందు తెలుగు చాలాకాలం గుమ్మం బయటే నిలబడింది. తెలుగు పత్రికలు వెబ్‌సైట్లు పెట్టిన కొత్తలో ఏ పత్రికకి ఆ పత్రిక ఫాంటు. అది దించుకుంటే తప్ప తెరమీద పిచ్చిగీతలే. వెతికితే ఏదీ దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఒకే ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకి చోటిచ్చినా, అది మా టేబుళ్ల మీదికి రావడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. మేం ఇక్కడ డీటీపీ ఫాంట్లలో టైపు చేస్తుంటే, అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసే పద్ధతులు కట్టుకున్నారు, బ్లాగులు రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. మొదట అందులో రాసినవాళ్లకి ఎవరూ జీతం ఇవ్వలేదు. ఫోన్లలోనైతే ఇంకా కొన్నేళ్ల దాకా తెలుగు బదులు డబ్బాలు కనిపించేవి. ఆ డబ్బాలు పోయి అక్షరాలు వచ్చిన రోజు నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన గళ్లన్నీ ఇప్పుడు అరచేతిలో ఉన్నాయి.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది. అక్కడి నుంచి జరిగింది మీ తరం కథ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి కుర్రాళ్లు యూట్యూబులో ఊరి వీడియోలు పెడితే, బడికి వెళ్లని గంగవ్వ గారు రాష్ట్రమంతా తెలిసిన మనిషయ్యారు. ఏ ఎడిటర్ అనుమతీ ఆమెకి అవసరం కాలేదు. ఇది నాకు నిజంగా సంతోషం.

అదే ఫోన్లో 2018 మే నెలలో ఇంకొకటి తిరిగింది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో వీడియోలు. తెలుగు రాష్ట్రాల్లో కొత్తగా కనిపించిన మనుషుల మీద గుంపులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు చేసిన పని ప్రతి జర్నలిస్టూ చదవాలి. పోలీసుల్ని ఊళ్లకి పంపారు, కళాకారుల చేత డప్పు కొట్టించి, పాట కట్టించి, ‘వచ్చిందల్లా నమ్మకండి’ అని చెప్పించారు. ఉపగ్రహాలూ 4జీ వచ్చిన ఇన్నేళ్లకి డప్పు అవసరమైంది. ఎందుకు? డప్పు కొట్టేవాడి మొహం కనిపిస్తుంది. నువ్వు చెప్పింది నిజమేనా అని అక్కడే నిలబెట్టి అడగొచ్చు. ఆ జులైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకి మించి పంపడానికి వీల్లేకుండా చేసింది.

ఇప్పుడు మీ మనసులో మూలన పెట్టిన కథ దగ్గరికి వస్తాను. నేను రిటైరయ్యే ముందు సంవత్సరాల్లో మా పత్రికకి వెబ్‌సైట్, యాప్ కూడా వచ్చాయి. కంట్రిబ్యూటర్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు. ఒకరోజు ఒక మండలం నుంచి మరణవార్త వచ్చింది, ఈసారి కూడా ఊళ్లో పెద్దమనిషే. ఫొటోతో సహా ఆరు నిమిషాల్లో యాప్‌లో పెట్టేశాం. పక్క పత్రిక కంటే ముందు పెట్టాలన్న తొందర. నిజానికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు, బతికే ఉన్నారు. ఆయన కొడుకు కువైట్‌లో డ్రైవర్. ఇంటి నుంచి ఎవరూ ఫోన్ చేయకముందే ఆ అబ్బాయి తండ్రి ఫొటోకి దండ వేసి ఉండటం ఫోన్లో చూశాడు. యజమాని దగ్గర అప్పు చేసి టికెట్ కొన్నాడు. విమానం దిగాక తెలిసింది. నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. ‘సార్, మా నాన్న బతికున్నందుకు సంతోషమే. కానీ ఆ రాత్రి నేనెలా గడిపానో మీకు తెలుసా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

రెండు కథల్లోనూ కంట్రిబ్యూటర్ చేసిన పొరపాటు ఒక్కటే. మొదటిసారి బస్సు, లైను దొరకని ఫోను, మూడు గంటల టైము మధ్యలో అడ్డంగా నిలబడ్డాయి. రెండోసారి ఏదీ అడ్డం లేదు. మేం ఆలస్యం అని విసుక్కున్నదాంట్లోనే అడిగే మనిషి కూర్చుని ఉన్నాడు. ఆలస్యంతో పాటు ఆ మనిషినీ తీసేశాం.

తీసేసిన మనిషిని మళ్లీ పెట్టడం అసాధ్యమేమీ కాదు, ఖర్చు అంతే. లెక్క చూడండి. కంపోజిటర్ జీతం మిగిలింది. టెలిప్రింటర్ అద్దె మిగిలింది. బస్టాండులో సైకిలు కుర్రాడి జీతం మిగిలింది. ఫిల్మ్, ఫ్యాక్సు, ఎస్టీడీ బిల్లులు మిగిలాయి. అదంతా ఎక్కడికి పోయిందో నాకు తెలియదు కానీ, మండలంలో ఉన్న కంట్రిబ్యూటర్ దగ్గరికి మాత్రం రాలేదు. నేను చేరినప్పుడు అతనికి లైన్ అకౌంటే, నేను వచ్చేసినప్పుడూ లైన్ అకౌంటే. ఎన్ని లైన్లు అచ్చయితే అంత. వార్త తప్పని తేల్చి ఆపేస్తే? సున్నా. పెట్రోలు పోసుకుని వెళ్లి, నలుగురిని అడిగి, ఇది అబద్ధం అని తెలుసుకున్న రోజున అతనికి ఒక్క పైసా రాదు. పైగా పండక్కి ఇన్ని ప్రకటనలు తేవాలని టార్గెట్. 2023లో కృత్రిమ మేధతో చేసిన యాంకరమ్మ తెలుగు చానల్లో వార్తలు చదివింది. ఆమెని తయారు చేయడానికి డబ్బు దొరికింది కదా.

కువైట్ అబ్బాయి సంగతి జరిగిన వారానికి ఆ కంట్రిబ్యూటర్ నా దగ్గరికి వచ్చాడు. చేతిలో బడి పిల్లల నోటుపుస్తకం. అందులో గీతలు గీసి పెట్టుకున్నాడు. ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకి, ఇంట్లోవాళ్లని అడిగానా, ఇంకెవర్ని అడిగాను అని నాలుగు వరుసలు. ‘ఇకనుంచి ఇది నిండకుండా వార్త పంపను సార్’ అన్నాడు. దానివల్ల పక్క పత్రిక కంటే అతను ప్రతిసారీ వెనకబడ్డాడు. ఆఫీసు నుంచి రెండుసార్లు మందలింపు వచ్చింది. ఆ పుస్తకానికీ పెట్రోలుకీ డబ్బులిమ్మని నేను పైకి ఒక నోట్ రాశాను. అది అలాగే ఉండిపోయింది. అతను మాత్రం రాయడం మానలేదు. మొన్న ఫోన్ చేస్తే ఏడో పుస్తకం నడుస్తోందన్నాడు.

మీలో చాలామంది రేపు ఇలాంటి డెస్కుల్లోనే కూర్చుంటారు. కొందరు సొంతంగా చానళ్లు పెట్టుకుంటారు. ఆ పుస్తకంలో ఒక పేజీకి ఫొటో తీసి పంపమని అతన్ని అడిగాను, పంపాడు. అది నా ఫోన్లో ఉంది. కావాలంటే ముందుకు వచ్చి చూడండి. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, నాకు సాయంత్రం దాకా తొందరేం లేదు.